ఎండుటాకుల సంచి నిండిన తరువాతే తడి చెత్త డ్రమ్ము

గడచిన రెండు నెలల్లో నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వంటింటి చెత్తను ఇంటి దగ్గరే ఎరువుగా మార్చుకోవడం గురించే ఉన్నాయి. ఒకే సందేహం పలువురు అడిగినప్పుడు ఒక ఉత్తరాన్నే తీసుకుని జవాబు రాశాము. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము నల్లగొండ పట్టణంలో ఒక అద్దె ఇంటి మొదటి అంతస్తులో ఉంటున్నాము. ఇంట్లో నలుగురము. పొద్దున వచ్చే చెత్త బండికి తడి, పొడి వేరు చేసి ఇస్తూనే ఉన్నాము. అయితే డాబా మీది పూలకుండీలకు ఎరువు కొనడం ఎందుకని, పోయిన వానాకాలంలో మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టులో కూరగాయల తొక్కలు వేయడం మొదలుపెట్టాను. పదిహేను రోజులకే భరించలేని వాసన, అడుగున నల్లటి నీళ్లు, మూత తీస్తే పురుగులు. ఓనరమ్మ కోప్పడితే అంతా బండిలో పారబోశాను. తప్పు ఎక్కడ జరిగింది? మళ్లీ మొదలుపెట్టవచ్చునా?
– ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: తప్పకుండా మొదలుపెట్టవచ్చునమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి ప్రయత్నమే గుర్తుకు వచ్చింది. ఒక్క రంధ్రమైనా లేని డ్రమ్ములో నెల రోజులు తొక్కలు నింపి, మూత బిగించి, ఎరువు కోసం ఎదురుచూసినవాడిని నేను కూడా. మీరు బకెట్టులో వేసినదంతా తడి సరుకే. కూరగాయల తొక్కల బరువులో నూటికి ఎనభై పాళ్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ, నీరే ఉంటుంది. అవి మెత్తబడగానే ఆ నీరు దిగి ముక్కల మధ్య సందులను నింపేస్తుంది కాబట్టి లోపల గాలి ఆడదు. గాలి అందినచోట పనిచేసే సూక్ష్మజీవులు చెత్తను ఎరువుగా మార్చేటప్పుడు దుర్వాసన రాదు, కొంచెం వేడి మాత్రం పుడుతుంది. గాలి అందనిచోట బతికేవి వేరే రకం. కుళ్లిన గుడ్డు వాసన వాటిదే, మీ బకెట్టులో పెరిగినవి అవే.

ఇందులో ఇంకొక లెక్క కూడా ఉంది. ఈ సూక్ష్మజీవులకు శక్తి కోసం కర్బనం, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. ఒక పాలు నత్రజనికి పాతిక నుంచి ముప్పై పాళ్ల కర్బనం ఉన్నప్పుడు వాటి పని సాఫీగా సాగుతుంది. వంటింటి తడి చెత్తలో ఆ పాళ్లు సుమారుగా పదిహేను, ఇరవై దగ్గరే ఆగిపోతాయి. ఎండుటాకుల్లో నలభై నుంచి ఎనభై దాకా ఉంటాయి. రెంటినీ కలిపినప్పుడే లెక్క కుదురుతుంది, పైగా ఎండుటాకు ఎక్కువైన తడిని పీల్చుకుని, ముక్కల మధ్య గాలికి దారి నిలబెడుతుంది. అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఎండుటాకులు పోగుచేసుకోమనే. డ్రమ్ము సంగతి ఆ తరువాత.

అదృష్టం కొద్దీ ఇది ఆకురాలు కాలం. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మన వీధుల్లోని వేప, రావి, కానుగ చెట్లు రాల్చిన ఆకును ఊడ్చి, మూలన కుప్పపెట్టి, అగ్గి పెట్టడం ప్రతి ఊళ్లోనూ చూస్తున్నాము. చెత్తను వీధుల్లో కాల్చరాదని 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలలోనే చెప్పారు, అయినా పొగ ఆగలేదు. ఆ కుప్పలే మీకు ఏడాదికి సరిపడే సరుకు. నలుగురు ఉన్న ఇంట్లో రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా తడి చెత్త వస్తుంది, అంటే నలిగిన తరువాత రెండు లీటర్ల డబ్బా నిండుగా. దానికి అంతే కొలత, వానాకాలంలో అయితే ఒకటిన్నర కొలత, నలిపిన ఎండుటాకు కావాలి. ఈ లెక్కన ఖాళీ యూరియా సంచిలో కాలితో తొక్కి నింపిన ఆకు నెల రోజులకు వస్తుంది. అద్దె ఇంట్లో పన్నెండు సంచులు దాచుకోవడం కష్టమే కాబట్టి నాలుగైదు సంచులు దాచుకుని, తక్కిన నెలలకు చింపిన వార్తాపత్రికలు, కోడిగుడ్ల అట్టలు, వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టు వాడుకోండి. రంపపు పొట్టును మాత్రం పలుచగా చల్లాలి. దానిలో కర్బనం మరీ ఎక్కువ, మందంగా వేస్తే పని నిలిచిపోతుంది.

ఇక పాత్ర సంగతి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు మీ ఇంటికి రెండు మూడు వారాలకు మించి రాదు. యాభై లీటర్ల డ్రమ్ములు మూడు సంపాదించండి. పక్కల చుట్టూ జానెడు ఎడంగా చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు, అడుగున నాలుగైదు రంధ్రాలు వేయించి, ఇటుకల మీద నిలబెట్టి, కింద ఒక పళ్లెం పెట్టండి. అడుగు చిట్లి నీళ్లు కారుతున్న పాత రంజన్ ఏదైనా ఇంట్లో ఉంటే అది ప్లాస్టిక్ కన్నా మేలు, ఎందుకంటే నీటిని చల్లబరిచే ఆ మట్టి గోడే గాలినీ, ఎక్కువైన తడినీ పోనిస్తుంది. అడుగున బెత్తెడు మందాన కొబ్బరి పీచు, ఎండు పుల్లలు పరిచి, ఆ పైన గుప్పెడు పాత ఎరువు గాని, పశువుల పెండ గాని చల్లి మొదలుపెట్టండి. కొనుక్కునే పొడులు అక్కరలేదు. పులిసిన మజ్జిగలో నీళ్లు కలిపి చిలకరించినా చాలు, అదీ లేకపోతే ఒక వారం ఆలస్యమవుతుంది, అంతే.

రోజూ తొక్కలను అంగుళం ముక్కలుగా తరిగి, నీరు వార్చి వేసి, వెంటనే అవి కనబడకుండా ఆకు కప్పాలి. మీ ఓనరమ్మ ముక్కును కాపాడేది ఆ కప్పే. వారానికి రెండుసార్లు పుల్లతో కలియబెట్టండి. తడి సరిగా ఉన్నదా అని తెలుసుకోవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు, ధార కడితే ఆకు తక్కువైనట్టు, పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించవలసినట్టు. మొదటి డ్రమ్ము నిండడానికి నెల పడుతుంది. అది నిండగానే మూసి పక్కన పెట్టి రెండోది, ఆ తరువాత మూడోది మొదలుపెడితే, మూడోది నిండే వేళకు మొదటిదానికి రెండు నెలల విశ్రాంతి దొరుకుతుంది.

మీరు చూసిన పురుగుల గురించి ఒక మాట. తెల్లగా, ఒక కొస సన్నగా ఉండేవి ఇంటి ఈగ పిల్లలు. అవి కనబడితే తడి ఎక్కువై, పైకప్పు పలుచబడిందని అర్థం. బూడిద, గోధుమ రంగుల్లో, చదునుగా, ఒళ్లంతా కణుపుల్లా ఉండేవి వేరే జాతి ఈగవి. ఆ ఈగ పెద్దదైన తరువాత మన అన్నం మీద వాలదు, కుట్టదు. దాని పిల్లలు తడి చెత్తను చాలా వేగంగా తినేస్తాయి. వాటిని చంపకండి. చూడలేకపోతే పైన రెండు అంగుళాల ఆకు వేసి మూత పెట్టండి.

ప్రశ్న: మా నాయన కాలంలో పెరట్లో పెంటకుప్ప ఉండేది. పెండ, కసువు, పొయ్యి బూడిద అన్నీ అందులోనే పోసి, తొలకరికి ముందు బండ్ల మీద చేనుకు తోలేవాళ్లు. ఇప్పుడు పశువులు లేవు, పెరడు మిగిలింది. పోయిన చైత్రంలో ఐదడుగుల లోతు గుంత తీయించి వేపాకు, వంటింటి చెత్త నింపాను. వైశాఖం దాటినా ఆకు ఆకులాగే ఉన్నది, పైగా చెదలు పట్టినయి. వాన పడ్డాక గుంత నీళ్లతో నిండి కంపు కొట్టింది. పెంటకుప్పకు లేని ఈ తిప్పలు నాకెందుకు వచ్చినట్టు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: పెంటకుప్పలో పెండ, మూత్రం, కుడితి తడి ఎప్పుడూ ఉండేవి, మీ గుంతలో అవి లేవు. తేడా అంతా అక్కడే ఉన్నది. అయితే పెంటకుప్పను మరీ మెచ్చుకోనక్కరలేదు. ఎండకూ వానకూ తెరిచి ఉన్న కుప్ప నుంచి నత్రజనిలో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, మిగిలినదానిలో కొంత వాన నీటితో కొట్టుకుపోతుంది. పొయ్యి బూడిదను తాజా పెండతో కలిపితే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే బూడిద క్షారం. చేనుకు చేరేనాటికి బండి నిండా ఎరువు కనబడేది కాని అందులో సత్తువ సగం పోయి ఉండేది.

ఈ నష్టాన్ని ఆపడానికే ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసినప్పుడు ఒక పద్ధతిని తీర్చిదిద్దాడు. చెత్త, పెండ, మూత్రం పీల్చిన మట్టి పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగేస్తూ మూడు నెలల్లో ఎరువు తీయడం ఆ పద్ధతి. దానికి కూలీ ఎక్కువ, నీళ్లూ ఎక్కువ. తరువాత బెంగళూరులో సి.ఎన్. ఆచార్య అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతిలో గుంత నింపి, పైన మట్టితో మెత్తి, తిరగేయకుండా ఆరు నుంచి ఎనిమిది నెలలు వదిలేస్తారు. తడి ఆరిపోదు కాబట్టి వాన తక్కువగా ఉన్న సీమలకు ఇది నప్పుతుంది. మీ వయసుకూ, మన పాలమూరు ఎండకూ నేనైతే ఈ రెండోదే చెబుతాను.

మీరు చేసిన పొరపాట్లు మూడు. లోతు ఎక్కువైంది, మూడు అడుగులు దాటితే అడుగుకు గాలి అందదు, మన చల్క నేలల కింద గట్టి మొరం ఉన్నచోట వాన నీరు ఇంకకుండా నిలిచిపోతుంది. అందుకని మూడు అడుగుల గుంత తీసి, చుట్టూ జానెడు ఎత్తు కట్ట పోయించి, వానాకాలంలో పైన రేకు గాని పాత ఫ్లెక్సీ గాని వాలుగా కప్పండి. రెండోది, ఎండిన ఆకును ఎండినట్టే నింపారు. వేయబోయే ముందు రోజు రాత్రి ఆకు కుప్పను బాగా తడిపి, బిందె నీళ్లలో తట్టెడు పెండ కలిపి ప్రతి పొర మీదా చల్లాలి. పక్క వీధిలో బర్రెలు ఉన్న ఇంటి నుంచి వారానికి తట్టెడు పెండ తెచ్చుకోవడం మీకు కష్టం కాదనుకుంటాను. మూడోది ముహూర్తం. చైత్రంలో నింపితే నలభై డిగ్రీలు దాటే ఎండకు రోజూ నీళ్లు పోసినా నిలవవు. ఆకును ఇప్పుడు పోగుచేసి పెట్టుకుని, మృగశిర కార్తె వానలు పడ్డాక నింపండి, సంక్రాంతి నాటికి ఎరువు తీస్తారు.

చెదలు ఎరువుకు హాని చేయవు. అవి ఎండు పీచును వెతుక్కుంటూ వస్తాయి, తడి నిలిస్తే వాటంతట అవే తగ్గుతాయి. కాని గుంత ఇంటి గోడకు దగ్గరగా ఉంటే అక్కడి నుంచి తలుపుల చెక్కకు ఎక్కే ప్రమాదం ఉంది కాబట్టి గోడకు పది అడుగులైనా ఎడంగా ఉంచి, పొరల మధ్య రెండు గుప్పిళ్ల వేపపిండి చల్లండి.

ప్రశ్న: మా ఊళ్లో రైస్ మిల్లులు ఎక్కువ, ఊక ఎంతైనా దొరుకుతుంది. ఎండుటాకుకు బదులు ఊక వాడవచ్చునా? మిల్లు నుంచి వచ్చే ఊక బూడిద కూడా కలపమని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఊక తడిని పెద్దగా పీల్చుకోదు, త్వరగా కుళ్లదు. దానిని కాల్చితే బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా. ఊక గింజ చుట్టూ ఇసుక కవచంలా ఉంటుందన్నమాట. మూడు నెలల తరువాత డ్రమ్ము తీసి చూస్తే తొక్కలన్నీ ఎరువై, ఊక మాత్రం పోసినది పోసినట్టే కనబడుతుంది. అయినా అది మంచిదే ఒక విషయంలో: సందులు కూలిపోకుండా నిలబెడుతుంది. కనుక పొడి సరుకులో నాలుగో వంతు ఊక, మిగతాది వరిగడ్డి తరుగు గాని ఆకు గాని ఉండేలా చూసుకోండి. ఊక బూడిదను ఎక్కువగా కలిపితే డ్రమ్ములో క్షారం పెరుగుతుంది. నెలకు గుప్పెడు చాలు, నా మటుకు నేను అదీ వేయను. మీకన్నా అదృష్టవంతులు పాలమూరు వైపు పల్లికాయ పండించేవాళ్లు. కొట్టిన పల్లికాయ పొట్టు ఊక కన్నా తేలికగా కుళ్లుతుంది, కొంచెం నలిపితే చాలు.

ప్రశ్న: బస్టాండు దగ్గర నాకు బత్తాయి రసం బండి ఉన్నది. ఎండాకాలంలో రోజుకు ఇరవై, ముప్పై కిలోల తొక్క మిగులుతుంది. మున్సిపాలిటీ వాళ్లు బండిలో వేసుకుంటారు కాని, నాకున్న అర ఎకరం తోటకు దీన్నే ఎరువు చేసుకుంటే బాగుంటుందని ఆశ. నిమ్మజాతి తొక్క ఎరువుకు పనికిరాదని చెబుతున్నారు, నిజమేనా?
– ఒక చిరువ్యాపారి, నల్లగొండ జిల్లా

జవాబు: పనికిరాదన్నది నిజం కాదు, ఒక్కటే వేస్తే పనికిరాదు. బత్తాయి తొక్కలో లిమొనీన్ అనే నూనె ఉంటుంది. మన కంటికి చిమ్మితే మండేది అదే. ఆ నూనె కొన్ని సూక్ష్మజీవులను కొంతకాలం ఆపుతుంది, వానపాములకు అసలే గిట్టదు. దానికి తోడు పులుపు, లోపలి గుజ్జులో తడి. ఇంటి డ్రమ్ములో రోజుకు నాలుగైదు తొక్కలు తరిగి వేస్తే ఏమీ కాదు గాని, మీ ముప్పై కిలోల సంగతి వేరు.

నల్లగొండ ఎండే మీకు సగం పని చేసి పెడుతుంది. తొక్కను నాలుగు ముక్కలు చేసి, పరదా మీద పలుచగా పరిచి రెండు మూడు రోజులు ఎండనివ్వండి. నూనె చాలా మటుకు ఆవిరై, బరువు పావు వంతుకు దిగుతుంది, మోసుకుపోవడమూ తేలిక. తోటలో గట్టున మూడు అడుగుల ఎత్తు కుప్పగా, ఒక పొర తొక్క, రెండు పొరల గడ్డి, ఆకు, ఆ పైన పెండ నీళ్లు చల్లుతూ వేసుకోండి. కుప్ప సరిగ్గా అమరితే నాలుగో రోజుకే లోపల చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది, అరవై డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి కలుపు గింజలు, తెగులు క్రిములు చాలావరకు చస్తాయి. వేడి తగ్గగానే తిరగేయండి. తొక్క మీద పచ్చటి, తెల్లటి బూజు కనబడితే భయపడకండి, అది కూడా పనివాడే. అయితే బూజు పట్టిన తొక్కను పశువుల ముందు పోయకండి.

ప్రశ్న: మాఘంలో వానపాముల ఎరువు తొట్టి పెట్టాను. మొదట బాగానే ఉన్నాయి, ఉగాది దాటేసరికి ఒక్కటీ మిగలలేదు. ఇంకోసారి కొనమంటారా?
– ఒక రైతు బిడ్డ, నాగర్‌కర్నూల్

జవాబు: ఇప్పుడు కొనకండి. ఎరువు కోసం పెంచే ఎర్రలు ఇరవై నుంచి ముప్పై డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. తొట్టి లోపల ముప్పై ఐదు దాటితే పారిపోతాయి, పారిపోయే దారి లేకపోతే చస్తాయి. మన చైత్ర, వైశాఖాలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. ఇంకో అనుమానం: మీరు తాజా పెండ వేశారేమో చూసుకోండి. తాజా పెండ తనంతట తానే వేడెక్కుతుంది కాబట్టి పదిహేను, ఇరవై రోజులు ఆరబెట్టి, వేడి చల్లారిన తరువాతే తొట్టిలో వేయాలి.

శ్రావణంలో మొదలుపెట్టండి. చెట్టు నీడన, పైన కమ్మల పందిరి వేసి, అడుగున్నరకు మించని మందంతో తొట్టి నింపి, తడిపిన గోనెసంచి కప్పండి. ఎండాకాలం రాగానే రోజుకు రెండుసార్లు గోనె తడపడం మీ ఇంట్లో ఎవరికైనా అలవాటు కాదనిపిస్తే, ఎరువు తీసుకుని ఎర్రలను ఇంకెవరికైనా ఇచ్చేసి, మళ్లీ వానలకు తెచ్చుకోవడం మేలు. చేలో దుక్కిలో కనబడే వానపాములను పట్టి తెచ్చి వేసేవాళ్లు ఉన్నారు. వాటిలో చాలా మటుకు లోతున మట్టి తిని బతికేవి, చెత్త తొట్టిలో నిలవవు. మీకు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గరే కాబట్టి ఏ రకం తెచ్చుకోవాలో అక్కడ అడిగి చూడండి. అసలు, పూలకుండీలకు నాలుగు బుట్టల ఎరువు చాలనుకునే ఇంటికి ఎర్రల పెంపకం అవసరమే లేదని నా అభిప్రాయం. ఆకు, తొక్క, ఓపిక ఉంటే మామూలు కంపోస్టు చాలు.

ప్రశ్న: మిగిలిన అన్నం, చారు, కోడి ఎముకలు, చాయ్ పత్తి, గుడ్డు పెంకులు వీటిలో ఏవి వేయవచ్చు?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: చాయ్ పత్తిని చక్కెర పోయేలా ఒకసారి కడిగి వేయండి, లేకపోతే చీమలు బారులు తీరుతాయి. గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేస్తేనే కలుస్తాయి, ముక్కలుగా వేస్తే ఏడాదైనా అలాగే ఉంటాయి. పిడికెడు అన్నం, రొట్టె ముక్క పరవాలేదు. ఉప్పు, నూనె ఉన్న కూరలు, చారు, మాంసం, ఎముకలు, చేప ముల్లు వేయకండి. ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. మామిడి టెంకలు, మొక్కజొన్న బెండ్లు డ్రమ్ములో కుళ్లడానికి చాలాకాలం పడుతుంది, పెరడు ఉంటే గుంతలో వేయండి. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు ఎక్కడా ఎరువు కావు, వాటిని విడిగా చుట్టి బండికే ఇవ్వాలి. వయ్యారిభామ మొక్కను పూత రాకముందు పీకితేనే కుప్పలో చోటు. పూసిన తరువాత వద్దు.

ప్రశ్న: బతుకమ్మ పూలు, గుడి పూలదండలు ఎరువు చేద్దామని మా వాడకట్టు ఆడవాళ్లం అనుకున్నాము. ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?
– ఒక మహిళా సంఘం సభ్యురాలు, గద్వాల

జవాబు: చాలా మంచి ఆలోచన. దండల్లోని ప్లాస్టిక్ దారం, జరీ కాగితాలు, అగరుబత్తి పుల్లలు, కర్పూరం కవర్లు ఏరివేయడమే సగం పని, దానికి నలుగురు కూర్చోవాలి. బంతి, చామంతి, తంగేడు పూలు నెల రోజుల్లో కనబడకుండా పోతాయి. గునుగుతోనే ఒక చిక్కు ఉంది. దాని కంకిలో నల్లటి సన్నటి గింజలు లెక్కలేనన్ని ఉంటాయి, ఇంటి డ్రమ్ములో పుట్టే కొద్దిపాటి వేడికి అవి చావవు. వచ్చే ఏడాది మీ మందార కుండీలన్నింటిలో గునుగు మొలుస్తుంది. (పండుగకు పూలు వెతుక్కునే పని తప్పుతుందనుకుంటే అలాగే వేయండి.) రంగులో ముంచిన గునుగును వేరుగా పెట్టండి, ఆ రంగులు మట్టిలోకి పోవడం నాకు ఇష్టం లేదు. మిగతా పూలకు సమాన కొలత ఎండుటాకు, తట్టెడు పెండ చాలు.

ప్రశ్న: మేము తడి, పొడి వేరు చేసి చెత్త బండికి ఇస్తున్నాము కదా, ఇంట్లో ఈ శ్రమ ఎందుకు?
– ఒక విద్యార్థి, సూర్యాపేట

జవాబు: మీ తడి చెత్త నిజంగా ఎరువు షెడ్డుకు చేరుతున్నదని మీకు తెలిస్తే, శ్రమ అక్కరలేదు, బండికే ఇవ్వండి. పల్లె ప్రగతి కింద 2019 తరువాత మన గ్రామాల్లో డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు కట్టారు. కొన్నిచోట్ల వాటిలో ఎరువు తయారవుతున్నది, కొన్నిచోట్ల షెడ్డుకు తాళం పడి ఉన్నది. ఒక సెలవు రోజు బండి వెంట వెళ్లి చూసి రండి. తడి, పొడి మళ్లీ ఒకే కుప్పలో పడుతుంటే, ఆ తడి గాలి లేకుండా కుళ్లి మీథేన్ విడుస్తుంది. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా ఇరవై ఏడు నుంచి ముప్పై రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదీగాక తడి అంటిన అట్టలు, కాగితాలు పాత సామాన్ల వాళ్లు కూడా కొనరు. ఇంటి చెత్తలో సుమారు సగం తడి చెత్తే. అది ఇంట్లోనే ఆగితే బండికి ఇచ్చే మిగతా సగం శుభ్రంగా ఉండి, వారానికి ఒకసారి ఇచ్చినా వాసన రాదు.

ప్రశ్న: నా డ్రమ్ముకు మూడు నెలలు నిండాయి. పైన నల్లగా కనబడుతున్నది. ఎరువు తయారైనట్టు ఎలా తెలుస్తుంది, కుండీకి ఎంత వేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ

జవాబు: తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన రావాలి, వేసిన తొక్క ఏదో గుర్తుపట్టలేకపోవాలి, లోపల చేయి పెడితే వేడి తగలకూడదు. ఇంకా అనుమానంగా ఉంటే గుప్పెడు ఎరువును తడిపి కవరులో కట్టి మూడు రోజుల తరువాత విప్పి చూడండి. దుర్వాసన వస్తే పచ్చిగా ఉన్నట్టే. లేదా చిన్న గిన్నెలో ఎరువూ మట్టీ చెరిసగం కలిపి పది మెంతులు చల్లండి. ఎనిమిదైనా మొలిచి, మొలకలు పచ్చగా నిలబడితే వాడుకోవచ్చు. పచ్చి ఎరువును కుండీకి వేస్తే అందులోని సూక్ష్మజీవులు తమ పని పూర్తిచేసుకోవడానికి మట్టిలోని నత్రజనిని కూడా లాగేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపెక్కుతాయి. చాలామంది దీన్ని చూసి కంపోస్టు పడలేదనుకుంటారు.

కొత్త కుండీ నింపేటప్పుడు మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు, పాత కుండీకి నెలకు రెండు గుప్పిళ్లు సరిపోతాయి. నూరు కిలోల ఇంటి కంపోస్టులో నత్రజని కిలో అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది, నలభై ఐదు కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోలకు పైగా ఉంటుంది. కనుక యూరియా వేసినట్టు నాలుగు రోజుల్లో మొక్క పచ్చబడాలని ఎదురుచూడకండి. మన ఎర్ర చల్క మట్టి నీళ్లు పోయగానే వదిలేస్తుంది, ఎండగానే రాయిలా బిగుస్తుంది. ఎరువు కలిసిన మట్టి తడిని పట్టి ఉంచుతుంది. రోజూ రెండుపూటలా నీళ్లు అడిగే కుండీ వేసవిలో ఒకపూటతో సరిపెట్టుకోవడం మీరు మొదట గమనించే మార్పు.

డ్రమ్ములో నింపినదంతా నాలుగో వంతుకు దిగి ఉంటుంది, తక్కువ వచ్చిందని అనుకోకండి. నీడన రెండు రోజులు ఆరబెట్టి, ఇసుక జల్లెడతో జల్లించండి. జల్లెడలో మిగిలిన పుల్లలు, కొబ్బరి పీచు, సగం కుళ్లిన ముక్కలు పారేయవద్దు. తరువాతి డ్రమ్ముకు అడుగున పరవడానికి, పని వేగంగా అందుకోవడానికి అంతకన్నా మంచి సరుకు దొరకదు.